గోడమీద వాలని దోమ

మొన్న మా మందిరానికి కొత్త వరండా కడుతున్న తాపీమేస్త్రి, మట్టం చూడడానికని నీళ్ళు నింపిన రబ్బరు గొట్టం కొస నోట్లో పెట్టుకుని పీల్చాడు. అతని బుగ్గలు రెండూ గుంటలు పడ్డాయి గానీ నీళ్ళు కదల్లేదు. "ఓపాలి మీరు పీల్సండి సార్, నాను ఆ సివర పట్టుకుంతాను" అని గొట్టం నా చేతిలో పెట్టాడు. నోట్లో పెట్టుకున్నాను. ఎండకు కాగిన రబ్బరు రుచి నాలుకకు తగిలింది. అంతే, పీల్చడం మరిచిపోయి అలాగే నిలబడిపోయాను. నలభై ఏళ్ళు దాటినా ఆ రుచి నాకు దాలినాయుడు గారిదే. ఆయన నాకు దేవుడి మాట సగంలో ఆపకుండా చివరిదాకా చదవడం నేర్పించిన మనిషి. ఆయన మా మతస్థుడు కాదు. లేఖనంలో ఒక్క పేజీ కూడా చదివి ఎరుగడు.

దాలినాయుడు గారి ఉద్యోగం దోమలు పట్టడం. మలేరియా ఆఫీసులో ఆ పనికి ఇన్‌సెక్ట్ కలెక్టరు అని పేరు. రోజూ పద్మనాభం నుంచి మొదటి బస్సుకు వచ్చేవారు. భుజాన ఖాకీ సంచి. అందులో ఒక టార్చిలైటు, మూతికి దోమతెర గుడ్డ కట్టిన కాగితం కప్పులు, రబ్బరు గొట్టం తగిలించిన ఒక గాజుగొట్టం. దోమ ఎక్కడ వాలినా గాజు కొసను దానిమీద ఆనించి, రబ్బరు కొస నోట్లో పెట్టుకుని చటుక్కున పీల్చేవారు. దోమ గాజులోకి వచ్చేది. రెండు గొట్టాల మధ్య చిన్న గుడ్డముక్క అడ్డం ఉండేది గనుక నోట్లోకి వచ్చేది కాదు. నా చేత కూడా అప్పుడప్పుడు పీల్పించేవారు. ఒకసారి ఆ గుడ్డ చిరిగిందని ఆయన చూసుకోలేదు. దగ్గి, ఉమ్మి, కళ్ళు తుడుచుకుని నాతో, "సెనివారం పూట నీసు తగిలీసింది మేస్త్రీ. మీ అమ్మగారితో సెప్పకు, మా ఆవిడకి ఎల్లిపోద్ది" అన్నారు. వీధుల్లో ఎవరైనా దోమల కలెక్టరని నవ్వితే, "జిల్లాకి ఒక కలెక్టరే ఉంతాడనుకుంతన్నారేటి? ఇద్దరిమి. ఆయనకి జీపుంది, నాకు నేదు" అనేవారు.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. గోడలకు డి.డి.టి. కొట్టే బృందానికి మేస్త్రిని. మా నాన్న పోర్టులో పని దొరికి గోదావరి జిల్లా నుంచి వచ్చినవాడు. మా ఇంట్లో పొద్దున ప్రార్థన, సాయంత్రం ప్రార్థన, మధ్యలో ఏ పని చేసినా ప్రార్థనే. నేను మందు కలిపే డ్రమ్ము మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి గానీ పంపు ఎత్తనిచ్చేవాణ్ణి కాదు. మా కుర్రాళ్ళు నవ్వుకునేవారు. నాకు పట్టేది కాదు. ఎందుకంటే ఆ పని నాకు కూలి పనిలా కనిపించలేదు. ఐగుప్తులో ఆ భయంకరమైన రాత్రి, గొర్రెపిల్ల రక్తం పూసిన గుమ్మాలను చూసి సంహారదూత దాటిపోయాడని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. ఇంటి లోపలి గోడలన్నిటికీ మందు కొట్టి, తలుపు మీద తారీకు రాసి గుర్తు పెడుతున్నప్పుడల్లా నా మనసులో ఆ గుమ్మాలే ఉండేవి. ఈ ఇంటిని మరణం దాటిపోతుంది. అలా అనుకునే ప్రతి తలుపు మీదా గుర్తు పెట్టాను.

ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులవి. గాజువాక దాటాక, మట్టి తవ్విన గుంటల పక్కన కూలీల పాకలు వరుసగా లేచాయి. మా చెల్లెలు సాలోమి, వాళ్ళాయన అక్కడే ఒక పాకలో ఉండేవారు. అతను కాంక్రీటు పనివాడు. చెల్లెలికి అప్పుడు ఆరో నెల నిండింది. మాలాగే గోదావరి వైపు నుంచి వచ్చిన పాతిక విశ్వాసి కుటుంబాలు కూడా అక్కడ ఉండేవి. తాటాకు పందిరి వేసి, చుట్టూ నాలుగు వైపులా తెరిచిపెట్టిన ఆ చోటునే మందిరం అనుకునేవాళ్ళం. యాకోబు తాత సంఘ పెద్ద. పాటలూ ప్రార్థనలూ నడిపించడం నా వంతు.

ఆ పాకలన్నిటికీ నేనే దగ్గరుండి మందు కొట్టించాను. చెల్లెలి పాకలో పంపు నేనే పట్టాను. అయినా నెల తిరక్కుండా చలిజ్వరాలు మొదలయ్యాయి. ముందు ఒక తాపీపని ఆయన, తరవాత పక్క పాకలో తల్లీ కొడుకూ, ఆపైన వరుసగా. గాజు పలకల మీద తీసిన రక్తం పూతల్లో అందరిదీ మలేరియా అనే తేలింది. ఆఫీసులో పెద్దాయన నన్ను నిలబెట్టి, మందు కొట్టావా, నీళ్ళు కొట్టావా అని అడిగాడు. మందే కొట్టానండీ అన్నాను. దాలినాయుడు గారు వెనకనుంచి, "గోడని అడుగుదారి సార్. గోడ అబద్దమాడదు" అన్నారు.

మర్నాడు ఆయన బతికున్న దోమలను కప్పుల్లో తెచ్చి, మా చెల్లెలి పాకలో నేను మందు కొట్టిన గోడకు ఆ కప్పులను బోర్లించి అంటించారు. దోమలకు గోడ మీద వాలడం తప్ప వేరే దారి లేదు. గడియారం చూసి తీసేశారు. సాయంత్రానికి అన్నీ చచ్చిపోయాయి. నా ప్రాణం లేచొచ్చింది. ఆయన ముఖం మాత్రం వాడిపోయింది.

"నీ గోడ మంచిదే మేస్త్రీ. అదే భయమేత్తంది నాకు" అన్నారు.

"భయం దేనికండీ?"

"గోడ మంచిదైతే, జొరం ఎక్కణ్ణించి ఒత్తంది?"

ఆ తరవాత రెండు రోజులు తెల్లవారుతూనే పాక పాకకూ తిరిగి గోడలు, చూరు, మంచాల కింద, అన్నీ టార్చితో వెతికారు. దొరికినవి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. మూడో రోజు నన్ను పాకల వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడ మురుగు కాలవ కోసం తెచ్చిన పెద్ద సిమెంటు గొట్టాలు నెలల తరబడి పడున్నాయి, మనిషి వంగి నడవగలిగినంతవి. "దూరు" అన్నారు. దూరాను. ఆయన టార్చి పైకి తిప్పారు. నా తలకు జానెడెత్తున సిమెంటు మీద దోమలు. తోకలు పైకి లేపి, మేకులు దిగేసినట్టు ఏటవాలుగా నిలబడ్డాయి. కదలడం లేదు. ఆయన ఒకదాన్ని పీల్చి గాజుగొట్టం నా కళ్ళ ముందు పెట్టారు. దాని పొట్ట పండిన రేగుపండులా ఎర్రగా ఉబ్బి ఉంది.

"ఇక్కడ పశువుల్నేవు, ఇది మడిసి నెత్తురే. పాకలో పడుకున్నోళ్ళదైతే ఇది నీ గోడ మీద కూకోవాల. తాగిన దోమ ఎగరనేదు, దగ్గర్లో ఎక్కడో కూకుంతాది. నీ గోడ మీద కూకుంతే సచ్చిపోయీది. ఇది బయటే తాగింది, బయటే కూకుంది. నీ గుమ్మం ఎలాగుంతాదో దీనికి తెల్దు."

నేను ఆ గొట్టంలోంచి వంగి నడుస్తూ బయటికి వచ్చిన తీరు ఇప్పటికీ మరిచిపోలేదు. వీపు సిమెంటుకు తగలకూడదని, తల పైకెత్తకూడదని, పాములపుట్టలోంచి వస్తున్నట్టు వచ్చాను. వందల తలుపుల మీద నేను పెట్టిన గుర్తులు ఒక్కసారిగా సుద్దగీతలైపోయాయి.

ఆయన గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించారు. "దీపాలెట్టే ఏళకి ఈళ్ళంతా ఎక్కడుంతారు?"

నేను కొంచెం గర్వంగానే చెప్పాను. జ్వరాలు పోవాలని నలభై దినాల ప్రార్థన మొదలుపెట్టాం, పదహారు రోజులైంది, పనినుంచి వచ్చాక అందరం పందిట్లోనే ఉంటాం అన్నాను. ఆ ఆలోచన నాదేనని కూడా చెప్పాను. జ్వరం వచ్చినవాళ్ళను చాపల మీద మధ్యలో పడుకోబెట్టి, మిగిలినవాళ్ళం చుట్టూ కూర్చుని ప్రార్థిస్తామని చెప్పాను. ఆయన చేతిలో బీడీ కాలుతూనే ఉంది, నోటిదాకా వెళ్ళలేదు.

"నన్ను రానిత్తారేటి?" అన్నారు.

సంతోషంగా రమ్మన్నాను. ఈ మనిషిని దేవుడు పిలుస్తున్నాడనుకున్నాను. ఆ సాయంత్రం వస్తూ వస్తూ యాకోబు తాతకు ఆ మాటే చెప్పాను. తాత కూడా, "నాయుడుగారికి ముందు వరసలో చాప వెయ్యండర్రా" అన్నాడు.

ఆయన ముందు వరసలో కూర్చోలేదు. వెనక గుంజ దగ్గర, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని కూర్చున్నారు. పొద్దు కుంకింది. లాంతర్లు వేలాడదీశారు. రెండు పాటలు పాడి, నేను అందరినీ కళ్ళు మూసుకోమన్నాను. దేవుడి సన్నిధిలో ఉన్నాం, చెయ్యీ కాలూ కదలకూడదు అని రోజూ చెప్పేమాటే మళ్ళీ చెప్పాను. ప్రార్థన మధ్యలో ఎందుకో నాకే కళ్ళు తెరుచుకున్నాయి. దాలినాయుడు గారు వరసల మధ్య మోకాళ్ళ మీద పాకుతున్నారు. నోట్లో గొట్టం. టార్చి అద్దానికి ఎర్ర గుడ్డ కట్టి, కూర్చున్నవాళ్ళ మడమల దగ్గర వెతుకుతున్నారు. ఒకామె మడమ మీద గాజు ఆనించారు, పీల్చారు, కప్పులోకి ఊదారు. తరవాత మా సాలోమి పాదం దగ్గరికి వెళ్ళారు. అక్కడ రెండుసార్లు వంగారు. ఆమె మెదల్లేదు.

నా ఒళ్ళు మండిపోయింది. ఆమేన్ అన్నాక ఆయన్ను పందిరి బయటికి లాక్కుపోయినట్టే తీసుకుపోయాను.

"దేవుడి సన్నిధిలో ఆడవాళ్ళ కాళ్ళ దగ్గర పాకుతారా? మీరు వస్తానంటే నేనేమనుకున్నాను?"

"ఏటనుకున్నావో తెలుసు" అన్నారు ఆయన నెమ్మదిగా. సంచిలోంచి కప్పులు తీసి గట్టు మీద పెట్టారు. కట్టిన గుడ్డల కింద దోమలు కొట్టుకుంటున్నాయి. "మూడు కప్పులు నిండాయి. రెండ్రోజులు మీ పాకల్లో తిరిగినా నాకిన్ని దొరకనేదు. ఇక్కడ దొరికాయి. ఏలంటే మీవోళ్ళు కదలరు. దోమ కుట్టినా కొట్టుకోరు. నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత బాగా కాళ్ళిచ్చినోళ్ళని సూడనేదు మేస్త్రీ."

నేను వంగి కప్పుల్లోకి చూశాను. ఆయనే అన్నారు. "జొరమున్నోడిని కుట్టిన దోమ ఎంటనే ఇంకోడికి జొరం ఇవ్వదు. పది పన్నెండు రోజులు దాని కడుపులో పండాల. మీరు జొరమున్నోళ్ళని మధ్యన పడుకోబెట్టి, సుట్టూ కూకుని, నలభై రోజులు రండి రండి అని పిలుత్తన్నారు."

ఓడిపోకూడదని నాకు పట్టుదల వచ్చింది. నేను మందు కొట్టిన ప్రతి గుమ్మం వెనకా ఏ నమ్మకం ఉందో ఆయనకు తెలియాలి అనుకున్నాను. ఐగుప్తు రాత్రి కథ చెప్పడం మొదలుపెట్టాను. ఆయన కప్పులను చెమ్మగుడ్డలో చుట్టుకుంటూ శ్రద్ధగానే విన్నారు.

"అయితే నెత్తురు పూసిన గుమ్మాన్ని దాటిపోయిందన్నమాట. మరి ఆ రేయి ఆళ్ళు గుమ్మం బయట కూకోనేదా?"

"లేదండీ. రక్తం పూశాక తెల్లవారేదాకా మీలో ఎవరూ గుమ్మం దాటి..."

అక్కడ ఆగిపోయాను. చిన్నప్పుడు సండేస్కూల్లో వల్లెవేసిన మాట, వందసార్లు బోధించిన మాట. రక్తం పూయమన్న నోటితోనే, తెల్లవారేదాకా ఎవరూ గుమ్మం దాటి బయటికి పోకూడదని కూడా ఆజ్ఞ ఉంది. నేను మొదటి సగం పట్టుకుని ఆరేళ్ళుగా గోడలు తడుపుతున్నాను. రెండో సగం వదిలేసి నా వాళ్ళందరినీ పొద్దు కుంకే వేళకు బయటికి పిలిచి కూర్చోబెట్టాను. కదలకండి అని కూడా చెప్పాను. గట్టు మీద కూర్చున్నాను. దాలినాయుడు గారు గెలిచానని నవ్వలేదు. సంచి భుజాన వేసుకుని, "మీ పుస్తకం రాసినోడికి దోమల సంగతి తెలుసు" అని మాత్రం అని బస్సుకు వెళ్ళిపోయారు.

ఆ రాత్రే యాకోబు తాతతో చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. దేవుడికి మొక్కిన నలభై రోజులను పదహారు రోజులకే మార్చమని ఏ నోటితో అడగను, విశ్వాసం చల్లారిందంటారేమో అని జంకాను. ఇవాళ రేపు అంటూ నాలుగు సాయంత్రాలు గడిపాను. నాలుగు సాయంత్రాలూ నేనే నిలబడి ప్రార్థన నడిపించాను. కళ్ళు మూసుకోలేకపోయాను. లాంతరు వెలుగులో అందరి మడమలూ కనిపిస్తూనే ఉన్నాయి.

అయిదో రోజు మధ్యాహ్నం సాలోమికి చలి మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్ళు పటపటలాడాయి. అప్పుడు పరిగెత్తాను తాత దగ్గరికి. ఏడుస్తూ అంతా చెప్పాను. తాత విని, తలపాగా తీసి మళ్ళీ చుట్టుకుని, "ఇంతేనంట్రా?" అన్నాడు. "ఇళ్ళల్లో చేసుకుందాం. ఇంటికి నాలుగు కుటుంబాలు సర్దుకుని కూర్చుంటాయి. నాలుగు గోడల మధ్య పిలిస్తే దేవుడికి వినపడదంట్రా? ఇది చెప్పడానికి నాలుగు రోజులు పట్టిందా నీకు?" ఆ ముసలాయనకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నేను భయపడిన కోపం ఎక్కడా లేదు. నా జీవితంలో నన్ను ఎక్కువ కుదిపేసింది ఆ సిమెంటు గొట్టం కాదు, ఈ నిమిషమే.

సాలోమి బతికింది. కడుపులో బిడ్డ దక్కలేదు. ఆసుపత్రిలో నాలుగో రోజుకు ఆమె నోట మాట వచ్చింది. మంచం పక్కన నేనున్నాను. "అన్నయ్యా, కుడుతున్నట్టు నాకు తెలిసేది" అంది. "రోజూ తెలిసేది. ప్రార్థనలో కదలకూడదు అన్నావుగా, ఓర్చుకున్నాను." నిష్ఠూరంగా అనలేదు. తను మాట తప్పలేదని నాకు చెప్పుకుంది, అంతే. నేను లేచి వరండాలోకి వచ్చేశాను.

అక్కడ దాలినాయుడు గారు కొబ్బరిబొండాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయనను చూడగానే, "ఆవేళ ఆమె కాలి మీద మీరు పట్టిన దోమేనా అండీ జ్వరం ఇచ్చింది?" అని అడిగాను. వెర్రి ప్రశ్నే. కానీ రోజుల తరబడి అదొక్కటే నా తలలో తిరుగుతోంది.

"నాను పట్టింది ఇంకెవుల్నీ కుట్టనేదు మేస్త్రీ. దాని గురించి ఎందుకు నీకు? పట్టనివి ఉన్నాయి. రేపు పొద్దున ఆరింటికి పంపు తీసుకుని గొట్టాల కాడికి రా."

వెళ్ళాను. ఆఫీసు నియమం ప్రకారం మందు ఇంటి లోపలి గోడలకే. ఆయన నింపే రిపోర్టులో కూడా పడకగది, పశువులశాల అని గళ్ళుండేవి, బయట అన్న గడి లేదు. ఆయన అంచున ఖాళీ జాగాలో 'బయట' అని రాసి, గీత గీసి, దొరికిన దోమల లెక్క వేసి, కింద సంతకం పెట్టారు. మేమిద్దరం గొట్టాల లోపల మందు కొట్టాం. పాకలవాళ్ళు పలుగూ పారా పట్టుకొచ్చి, నీళ్ళు నిలిచిన గుంటలను పూడ్చారు. ఆపైన ఆయన ప్రతి సాయంత్రం పాకల మధ్య తిరుగుతూ, "అమ్మా, కబుర్లు లోపలికెల్లి సెప్పుకోండి. కాళ్ళు కప్పుకోండి" అని కేకేసేవారు. "కలెక్టరుగారి ఆర్డరేటి?" అని ఆడవాళ్ళు నవ్వేవారు. "ఆర్డరే. జీపు నేదని సులకన సెయ్యకండి" అనేవారు. వానలు వెనకబట్టేసరికి జ్వరాలు తగ్గుముఖం పట్టాయి. రిపోర్టు అంచున రాసింది ఎవరి కోసమని ఆఫీసులో పెద్దాయన అడిగితే, "గడి గీసినోడి కోసం సార్" అన్నారట. ఆ మాటకు ఆయన్ను ఏజెన్సీ వైపు బదిలీ చేశారని మా ఆఫీసులో అనుకునేవారు. నిజమో కాదో నాకు తెలియదు. వెళ్ళే ముందు రోజు పందిరి దగ్గరికి వచ్చి, గుంజ పక్కన కాసేపు కూర్చుని, "మీ దేవుడి కాడికి రమ్మంతావేమో అనుకున్నాను, మల్లీ అడగనేదు" అని నవ్వారు. నాకు సిగ్గేసింది. మా కోసం అలా మోకాళ్ళ మీద పాకిన మనిషిని నేను ఎక్కడికి రమ్మనాలి? ఆయన క్షేమం కోసం ఇప్పటికీ ప్రార్థిస్తూనే ఉన్నాను. బతికున్నారో లేదో తెలియదు గనుక మానలేను.

నా విశ్వాసం ఏమీ చెదరలేదు. వాక్యం అబద్ధమాడలేదు. దాని మధ్యలో ఆగిపోయినవాణ్ణి నేను. అందుకే ఇప్పుడు పిల్లలకు ఏ వచనం చెప్పినా పూర్తిగా చదివిస్తాను, ఓదార్పు ఉన్న సగం దగ్గర ఆపనివ్వను.

మొన్న తాపీమేస్త్రి, "ఏటి సార్, నోట్లో ఎట్టుకుని అలా ఉండిపోనారు?" అంటే, తేరుకుని పీల్చాను. నీళ్ళు ఎక్కాయి. మట్టం సరిపోయింది. ఆ వరండాకు మూడువైపులా దోమతెర జాలీ పెట్టిస్తున్నాను. గాలి ఆడదని కొందరికి ఇష్టం లేదు. సాలోమి మాత్రం కొలతలు తనే దగ్గరుండి చూసుకుంది. జాలీ వచ్చేదాకా సాయంత్రం కూడిక మందిరం లోపలే. అందరినీ కళ్ళు మూసుకోమంటాను. కదలొద్దని మాత్రం చెప్పను. ఎప్పుడైనా వెనక వరసలోంచి ఎవరో కాలి మీద చటుక్కున కొట్టుకున్న చప్పుడు వినిపిస్తుంది. పిల్లలు కిసుక్కుమంటారు. నేను ప్రార్థన ఒక్క క్షణం ఆపి, ఆ చప్పుడుకు ఆమేన్ అని మనసులో అనుకుని, మళ్ళీ మొదలుపెడతాను.